మహమ్మారి వేళ ఆన్‌లైన్ చదువు: విశ్వవిద్యాలయ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19ను మహమ్మారిగా పేర్కొంది. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే 190కి పైగా దేశాల్లో విద్యాసంస్థలు మూతపడ్డాయని, 150 కోట్లకు పైగా విద్యార్థుల చదువు ఆగిందని యునెస్కో లెక్క కట్టింది. విశ్వవిద్యాలయాలు పాఠాన్ని తెర మీదికి మార్చాయి. అప్పుడు పుట్టిన సందేహాలు రేపు మరో మహమ్మారి వచ్చినా మళ్లీ పుడతాయి. ఈ జవాబులు రాసింది పాఠం చెప్పే వైపు మనిషే అయినా, వీటిలో చాలావరకు విద్యార్థి పక్షాన ఉంటాయి. చాలా విషయాల్లో న్యాయం అటే ఉంది మరి.

ఆన్‌లైన్ తరగతుల్లో నాకేమీ బుర్రకెక్కడం లేదు. లోపం నాలోనే ఉందా?

చాలావరకు లేదు. తరగతి గది కోసం తయారైన పాఠాన్ని, గది మూతపడింది కాబట్టి, ఉన్నపళంగా కెమెరా ముందుకు తెచ్చారు. దాన్ని ఆన్‌లైన్ విద్య అనడం ఆ పేరుకే అన్యాయం.

దూరవిద్యకు పెద్ద చరిత్రే ఉంది. లండన్ విశ్వవిద్యాలయం తన ఊరికి వచ్చి చదవలేనివారు కూడా పరీక్షలు రాసి పట్టా పొందే వీలును 1858లోనే కల్పించింది. బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ 1971లో తొలి విద్యార్థులకు బోధన మొదలుపెట్టి, అచ్చు పాఠాలు, ఉత్తరాలు, బీబీసీ ప్రసారాల సాయంతో డిగ్రీలు చదివించింది. అలాంటి చోట్ల ఒక కోర్సును కొందరు కలిసి నెలల తరబడి తీర్చిదిద్దుతారు. ఏది చదవాలి, ఏది వినాలి, ఏ వారం ఏ అభ్యాసం రాసి పంపాలి, దాన్ని ఎవరు దిద్దాలి అన్నవన్నీ కోర్సు మొదలవకముందే తేల్చుకుంటారు. 2020లో చాలామంది అధ్యాపకులకు దొరికిన వ్యవధి వారం, మహా అయితే రెండు వారాలు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్విన పని అది. తవ్వినవాళ్లను తిట్టి లాభం లేదు, నీళ్లు చాల్లేదన్న మాటా అబద్ధం కాదు.

అసలు చిక్కు ఎక్కడుందో ఇక్కడే చెప్పేస్తాను. గదిలో నడిచిన టైంటేబుల్‌ను ఉన్నదున్నట్టుగా తెర మీదికి ఎక్కించారు. గంటసేపు ఏకధాటిగా సాగే ఉపన్యాసానికి విద్యార్థి సరిగ్గా అదే గంటలో కూర్చోవాల్సిన పని లేదు. దాన్ని రికార్డు చేసి పెట్టవచ్చు, రాసి ఇవ్వవచ్చు. సందేహాలు తీర్చడానికి, చర్చకు, లెక్క ఏ మెట్టు దగ్గర తప్పిందో చూపించడానికి మాత్రం అందరూ ఒకే వేళకు కలవాలి. ఈ తేడాను పట్టించుకున్న చోట నెట్ కష్టాలు, అలసట, హాజరు తగాదాలు మూడూ తగ్గుముఖం పడతాయి. కింద ఏ ప్రశ్న తీసుకున్నా జవాబు ఎక్కడో ఒకచోట ఈ మాటనే తాకుతుంది.

మా దగ్గర నెట్ నిలకడగా ఉండదు. తరగతి మధ్యలో మాట తెగిపోతుంది. ఏం చేయాలి?

ముందు లెక్క చూద్దాం. సెకనుకు ఒక మెగాబిట్ వేగంతో వీడియో నడిస్తే గంటకు 450 మెగాబైట్ల డేటా ఖర్చవుతుంది. మాట ఒక్కటే వినడానికి సెకనుకు 100 కిలోబిట్లు ధారాళంగా సరిపోతాయి, అంటే గంటకు 45 మెగాబైట్లు. డేటాను తినేది బొమ్మే. కాబట్టి మీ కెమెరా ఆపండి. మీరు వాడే యాప్‌లో వీలుంటే ఎదుటివారి వీడియో మీకు రాకుండా కూడా ఆపండి. ఈ రెండో వీలు ఉందని చాలామందికి తెలియదు. స్లైడ్లను ముందుగానే దింపుకొని పక్కన తెరిచి పెట్టుకుంటే, మాట వింటూ పాఠాన్ని అనుసరించవచ్చు.

ఇంట్లో వైఫై ఉంటే 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పేర్లు కనిపించవచ్చు. 5 వేగమైనది కానీ గోడలు దాటడంలో బలహీనం. 2.4 నిదానమే అయినా దూరం వెళ్తుంది. రౌటర్‌కు దూరంగా ఉన్న గదిలో కూర్చునేవారు 2.4కు మారి చూడండి. కేబుల్ తగిలించే వీలుంటే రెండింటికన్నా అదే మేలు. మీరు తరగతిలో ఉండగా పక్క గదిలో ఎవరో సినిమా దింపుకుంటుంటే మాత్రం ఏ చిట్కా పనిచేయదు, అది ఇంట్లోవాళ్లతో మాట్లాడి తేల్చుకోవాల్సిన సంగతి.

అసలు సిగ్నలే అందని చోట ఇవన్నీ దండగ సలహాలు. అప్పుడు అడగాల్సింది విశ్వవిద్యాలయాన్ని. ప్రతి పాఠానికీ రాతప్రతి కావాలనండి. రికార్డింగును పెద్ద వీడియోగానే కాక, చిన్న ఆడియో ఫైలుగా కూడా పెట్టమనండి. అసైన్‌మెంట్ గడువు గంటల్లో కాకుండా రోజుల్లో ఉండాలని కోరండి. ఈ మూడింటికీ విశ్వవిద్యాలయానికి పెద్దగా ఖర్చు కాదు.

నెట్ తెగి తరగతి నుంచి బయటపడ్డాను. హాజరు పోయింది.

ఆ రోజే, వీలైతే ఆ గంటలోనే, అధ్యాపకులకు ఒక చిన్న మెసేజ్ పంపండి. తెగిన సమయం కనిపించేలా ఫోను తెర ఫొటో తీసి జతచేయండి. నెలాఖరులో అన్నీ కలిపి చెబితే ఎవరూ నమ్మరు. లాగిన్ సమయాన్ని బట్టి హాజరు వేయడం మొదటి నుంచీ మొరటు పద్ధతే. లింకు తెరిచి నిద్రపోయినవారికి నూరు శాతం, వాన వల్ల మూడుసార్లు తెగినా పట్టువదలకుండా విన్నవారికి సగం. పాఠం చివర ఒక చిన్న ప్రశ్నకు రోజు ముగిసేలోగా జవాబు రాస్తే హాజరు ఇచ్చే పద్ధతి ఇంతకన్నా నయం. మీ తరగతి ప్రతినిధి ద్వారా దాన్ని ప్రతిపాదించండి.

నా దగ్గర ఫోను మాత్రమే ఉంది.

వినడానికి, చదవడానికి ఫోను చాలు. పెద్ద వ్యాసం రాయాలన్నా, ప్రోగ్రాం రాయాలన్నా, పట్టికలు వేయాలన్నా చాలదు. కంప్యూటర్‌ను అప్పుగా ఇచ్చే పథకం మీ విశ్వవిద్యాలయంలో ఉందేమో విద్యార్థి సంక్షేమ విభాగంలోనూ గ్రంథాలయంలోనూ అడగండి. 2020లో చాలా చోట్ల ఇలాంటివి మొదలయ్యాయి, కానీ వాటి ప్రకటన ఏ మూలో ఉండటంతో అవసరమున్నవారికి తెలియలేదు. ఈలోగా చేత్తో రాసిన కాగితాలను ఫొటో తీసి ఒకే పీడీఎఫ్‌గా పంపడానికి అనుమతి తీసుకోండి. ప్రోగ్రామింగ్ కోర్సయితే బ్రౌజర్‌లోనే నడిచే ఎడిటర్లున్నాయి, చిన్న అభ్యాసాలకు అవి పనికొస్తాయి.

కెమెరా ఆన్ చేయమని పట్టుబడుతున్నారు. చేయక తప్పదా?

మీ విశ్వవిద్యాలయ నియమం ఏమిటో ముందు చూడండి. చాలా చోట్ల దీనిపై రాతపూర్వకమైన నియమమే లేదు, ఉన్నది అధ్యాపకుల ఇష్టం. పాఠం చెప్పేవారి ఇబ్బంది కూడా అర్థం చేసుకోవాలి. నల్లటి చదరాల వరుసకు గంటసేపు పాఠం చెబుతుంటే ఎదుట మనుషులు ఉన్నారో లేరో తెలియదు. అర్థమైందా అని అడిగితే నిశ్శబ్దం. గదిలోనైతే నలుగురి కనుబొమలు చూసి, ఇది మళ్లీ చెప్పాలని గ్రహిస్తాం.

అయినా కెమెరాను తప్పనిసరి చేయడం సరికాదని నా అభిప్రాయం. అది విద్యార్థి ఇంటిని తరగతికి చూపిస్తుంది. ఒకే గదిలో నలుగురు ఉండే ఇల్లు, వెనక మంచం మీద జబ్బుమనిషి, గోడకు ఆరేసిన బట్టలు, ఇవి చూపించాలా వద్దా అన్నది ఆ ఇంటివారి ఇష్టం. తప్పదంటే నేపథ్యం కనిపించకుండా చేసే సదుపాయం వాడండి. పాత ఫోన్లలో అది పనిచేయకపోతే గోడకు వీపు పెట్టి కూర్చోండి. తరగతి మొదట్లో పలకరించేటప్పుడు ఆన్ చేసి, పాఠం మొదలయ్యాక ఆపేస్తామని అధ్యాపకులతో ఒప్పందానికి రండి. మీరు ఉన్నారని తెలియడమే వారికి కావాల్సింది. చాట్‌లో అప్పుడప్పుడు ఒక ప్రశ్న రాసినా అది తెలుస్తుంది.

తరగతులను రికార్డు చేస్తున్నారు. నా మాటలు, నా ముఖం ఎవరు చూస్తారు?

రికార్డింగు మొదలయ్యే ముందు ఆ సంగతి చెప్పాలి. అది ఎక్కడ దాస్తారో, ఎన్నాళ్లుంచుతారో, ఎవరు తెరవగలరో కూడా చెప్పాలి. చెప్పకపోతే అడగండి. మీ ప్రశ్న రికార్డు కాకూడదనుకుంటే చాట్‌లో అధ్యాపకులకు విడిగా రాయండి, లేదా రికార్డింగు ఆపాక అడగండి. రాజకీయాలు, మతం, లైంగికత వంటి విషయాలపై చర్చించే తరగతులను రికార్డు చేయకపోవడమే మంచిది. భయం ఉన్న చోట చర్చ సాగదు.

మీ వైపునా ఒక బాధ్యత ఉంది. తరగతి లింకును బయట పెట్టకండి. 2020 వసంతంలో బయటివాళ్లు తరగతుల్లోకి చొరబడి అసభ్య చిత్రాలు, జాతి దూషణలు చూపించిన ఘటనలు ఎన్నో దేశాల్లో జరిగాయి. వాటిలో చాలావాటికి మూలం ఎవరో సరదాగా పంచుకున్న లింకే.

రోజంతా కూర్చున్నదే కదా, ఇంత అలసట ఎందుకు?

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బైలెన్సన్ 2021 ఫిబ్రవరిలో ప్రచురించిన వ్యాసంలో వీడియో సమావేశాల అలసటకు నాలుగు కారణాలు ప్రతిపాదించాడు. అందరి ముఖాలూ అతి దగ్గరగా, మనల్నే చూస్తున్నట్టు ఉండటం మొదటిది. మాట మధ్యలోని సైగలను పట్టుకోవడానికీ, మన సైగలు ఎదుటివారికి అందేలా చేయడానికీ మెదడు అదనంగా శ్రమించడం రెండోది. మన ముఖం మనకే గంటల తరబడి కనిపించడం, కదలకుండా ఒకే చదరంలో ఇమిడి ఉండటం మిగతా రెండూ. మందు ఈ జాబితాలోనే ఉంది: మీ సొంత వీడియో మీకు కనిపించకుండా దాచండి, కిటికీని చిన్నది చేయండి, పాఠం వినడం ఒక్కటే అయితే లేచి నడుస్తూ వినండి.

కళ్ల సంగతి వేరు. తెర చూసేటప్పుడు రెప్పలు వేయడం తగ్గుతుంది, అందుకే కళ్లు ఎండిపోయి మండుతాయి. ప్రతి 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లపాటు చూడమని కంటి వైద్యులు చెబుతారు. వరుసగా నాలుగు తరగతులు వేసే టైంటేబుల్‌లో ఆ 20 సెకన్లు ఎక్కడున్నాయని అడిగితే మీరు అడిగేది సబబే. తరగతికీ తరగతికీ మధ్య కనీసం పావుగంట విరామం కోరండి.

చూడని రికార్డింగులు కొండలా పేరుకున్నాయి. ఎలా అందుకోవాలి?

అన్నీ మొదటి నుంచి చూడాలనే సంకల్పం మానుకోండి. అది వారంలోపే చల్లబడుతుంది. ముందు ప్రశ్నపత్రాలు, అభ్యాసాలు తెరిచి, మీకు రాని అంశాలు ఏవో గుర్తించండి. వాటి రికార్డింగులే చూడండి. మిగతావి రాతప్రతి చదివితే సరిపోతుంది.

రెండింతల వేగంతో చూడవచ్చా అని చాలామంది అడుగుతారు. తెలిసిన విషయమైతే చూడండి. కొత్త సూత్రం, కొత్త నిరూపణ అయితే వేగం పెంచడం కన్నా ఆపి ఆపి చూడటమే మేలు. రికార్డింగుకు ఉన్న గొప్ప సుగుణం కూడా అదే, గదిలో అధ్యాపకులను ఎవరూ ఆపి వెనక్కి తిప్పలేరు.

మళ్లీ మళ్లీ చూడటం చదివినట్టు కాదు. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, మరికొందరిని పాఠం చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత చూస్తే గుర్తుచేసుకొని రాసినవారు ముందుకు వచ్చారు. కాబట్టి రికార్డింగు పూర్తవగానే దాన్ని మూసి, ఖాళీ కాగితం మీద గుర్తున్నది రాయండి. రాయలేకపోయిన చోటికి మాత్రమే తిరిగి వెళ్లండి.

తరగతిలో ప్రశ్న అడగాలంటే సంకోచం. అందరి ముందూ మ్యూట్ తీయాలి.

తీయకండి, రాయండి. గదిలో ఏనాడూ నోరు విప్పని విద్యార్థులు చాట్‌లో అద్భుతమైన ప్రశ్నలు వేయడం ఆన్‌లైన్ కాలంలో నన్ను నిజంగా సంతోషపెట్టిన విషయం. కాకపోతే ప్రశ్నను సూటిగా రాయండి. ‘అర్థం కాలేదు’ అంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పేవారికి తెలియదు. ‘మూడో స్లైడులో రెండో వరుస నుంచి మూడో వరుసకు ఎలా వచ్చాం?’ అంటే అర నిమిషంలో తేలిపోతుంది.

పరీక్షకు నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టారు. కళ్లు పక్కకు తిప్పినా అనుమానిస్తుందట. నిజమేనా?

ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చూపు, తల కదలిక, గదిలో శబ్దం, తెరపై తెరిచే కిటికీలు వంటివాటిని గమనించి, అసాధారణమని తోచినదాన్ని గుర్తుపెట్టి చూపిస్తాయి. ఆలోచిస్తూ పైకప్పు వైపు చూసే అలవాటున్నవారు, పక్కన పిల్లలు ఏడ్చే ఇళ్లవారు, కండరాలు అసంకల్పితంగా కదిలే సమస్య ఉన్నవారు అన్యాయంగా దొరికిపోతారు. వెలుతురు తక్కువైతే ముఖమే కనిపించలేదని యంత్రం మొరాయిస్తుంది.

చర్మపు రంగు సంగతి ఇంకా ఇబ్బందికరం. ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు వాణిజ్య సాఫ్ట్‌వేర్లను 2018లో జాయ్ బులామ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు పరీక్షించారు. తెల్లచర్మపు మగవారి విషయంలో పొరపాట్లు ఒక శాతం కూడా దాటలేదు, నల్లచర్మపు ఆడవారి విషయంలో అవి 34.7 శాతం దాకా వెళ్లాయి. వాళ్లు పరీక్షించినవి నిఘా సాఫ్ట్‌వేర్లు కావు. కానీ ముఖాన్ని చదివే ఏ యంత్రాన్నయినా గుడ్డిగా నమ్మకూడదనడానికి అది చాలు.

కెమెరాతో గదంతా తిప్పి చూపించమనడంపై కోర్టు తీర్పు కూడా ఉంది. అమెరికాలోని ఒహాయోలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం పరీక్షకు ముందు విద్యార్థి గదిని అలా చూడటం అకారణ సోదా కిందికి వస్తుందని, అలాంటి సోదాలను నిషేధించే అమెరికా రాజ్యాంగ నాలుగో సవరణకు విరుద్ధమని 2022 ఆగస్టులో ఒక ఫెడరల్ న్యాయమూర్తి చెప్పారు. ఆ తీర్పు మీ దేశంలో చెల్లదు, కానీ మీ ప్రశ్న అసంబద్ధమైనది కాదని చూపిస్తుంది.

మీరు చేయగలిగింది ఏమిటి? యంత్రం గుర్తుపెట్టినవాటిని మనిషి చూసి నిర్ణయిస్తారా అని ముందే రాతపూర్వకంగా అడగండి. వీడియో ఎప్పుడు చెరిపేస్తారో అడగండి. అసలు పరీక్షకు ముందు మాదిరి పరీక్ష పెట్టమని కోరండి. వైకల్యం గానీ, అనారోగ్యం గానీ ఉంటే మినహాయింపు కోసం ముందుగానే దరఖాస్తు చేయండి. నిఘా లేకపోతే కాపీ కొట్టరా అని నా తోటివారు అడుగుతారు. కొందరు కొడతారు. వెతికితే దొరికే జవాబును అడిగినన్నాళ్లూ కొడతారు కాబట్టి, మార్చాల్సింది ప్రశ్నను.

పరీక్ష మధ్యలో కరెంటో నెట్టో పోతే?

కంగారులో పేజీని మళ్లీ మళ్లీ తెరవకండి. సమయం కనిపించేలా ఫొటో తీయండి, పరీక్ష విభాగం ఇచ్చిన నంబరుకు వెంటనే ఫోను చేయండి, తర్వాత ఈమెయిల్ కూడా పంపండి. ఆ నంబరు ముందుగానే కాగితం మీద రాసి ఉంచుకోవాలి, కంప్యూటర్ ఆగిపోయాక దాంట్లో వెతకలేరు. ఫోనును పూర్తిగా ఛార్జ్ చేసి హాట్‌స్పాట్‌కు సిద్ధంగా ఉంచండి. పెద్ద జవాబులను వేరే ఫైలులో రాసుకొని అక్కడి నుంచి అతికించండి.

పుస్తకం చూసి రాసే పరీక్ష అన్నారు. సులువే కదా?

కాదు. సాధారణంగా అదే కష్టం. నిర్వచనాలు అడగరు, వాటిని వాడాల్సిన కొత్త సందర్భం ఇస్తారు. పుస్తకంలో వెతుకుతూ కూర్చుంటే సమయం అయిపోతుంది. ఏ అంశం ఏ పేజీలో ఉందో రెండు పుటల సూచిక తయారుచేసుకోండి. చూడొచ్చన్నది పుస్తకాన్నే తప్ప స్నేహితుడి జవాబును కాదన్న గీత ఎక్కడుందో ప్రశ్నపత్రంలో లేకపోతే ముందే అడిగి తెలుసుకోండి.

పరీక్ష పెట్టకుండా పాత మార్కులను బట్టి గ్రేడ్ వేస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?

లెక్క ఎలా వేస్తారో చూపించమనండి. ఇంగ్లండ్‌లో 2020లో విశ్వవిద్యాలయ ప్రవేశానికి కీలకమైన ఎ-లెవెల్ పరీక్షలు రద్దుచేసి, గణాంక సూత్రంతో గ్రేడ్లు ఇచ్చారు. ఆగస్టు 13న ఫలితాలు వస్తే దాదాపు 40 శాతం గ్రేడ్లు ఉపాధ్యాయులు అంచనా వేసినవాటికన్నా తక్కువగా ఉన్నాయి. ఒక బడి గత ఫలితాల బరువు అక్కడి ప్రతిభావంతుల మీద పడింది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, ఆగస్టు 17న ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మీ గ్రేడ్‌ను మీరు చేసిన పనితో లెక్కగడితే చర్చించవచ్చు. ఇతరులు గతంలో తెచ్చుకున్న మార్కులతో లెక్కగడితే అప్పీలు చేయండి.

గ్రేడ్ బదులు పాస్/ఫెయిల్ ఎంచుకోమంటున్నారు.

2020 తొలి సగంలో ఎన్నో విశ్వవిద్యాలయాలు ఈ వీలు ఇచ్చాయి. ఎంచుకునే ముందు మూడు సంగతులు చూసుకోండి: మీ స్కాలర్‌షిప్‌కు గ్రేడ్ సగటు అవసరమా, పై చదువులకు ఈ కోర్సులో గ్రేడ్ అడుగుతారా, నిర్ణయం మార్చుకునే గడువు ఎప్పటిదాకా. మూడింటికీ ఇబ్బంది లేకపోతే మొహమాటం లేకుండా పాస్ తీసుకోండి.

ల్యాబ్ కోర్సును తెర మీద ఎలా నేర్చుకోవాలి?

పూర్తిగా నేర్చుకోలేరు, నేర్చుకోగలరని ఎవరైనా అంటే నమ్మకండి. ప్రయోగశాలలో రెండు పనులు జరుగుతాయి. ఒకటి ఆలోచన: ఏది మార్చాలి, ఏది కొలవాలి, వచ్చిన అంకెల్లో లోపం ఎంత. దీనికి అనుకరణ ప్రోగ్రాములు బాగానే పనికొస్తాయి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ ప్రాజెక్టు అనుకరణలు ఉచితంగా దొరుకుతాయి. అసలు ప్రయోగంలో వచ్చిన అంకెలను, వాటిలోని తప్పులతో సహా, విద్యార్థులకు ఇచ్చి విశ్లేషించమనడం కూడా మంచి పద్ధతే.

రెండోది చేతి పని. పిపెట్ పట్టుకోవడం, సోల్డరింగ్ చేయడం, రోగి పొట్టను తాకి చూడటం చేతికి రావాల్సిన విద్యలు. వాటిని వాయిదా వేయడమే నిజాయితీ. తిరిగి తెరిచాక కొన్ని వారాలు ల్యాబ్‌కే కేటాయించమని మీ విభాగాన్ని అడగండి. ప్రయోగం వీడియో చూసినందుకు ప్రయోగం చేసినట్టు మార్కులు వేస్తే ఆ రోజుకు హాయిగానే ఉంటుంది. ఉద్యోగంలో మొదటి వారం ఉండదు.

నేను పరిశోధన విద్యార్థిని. పనంతా ఆగిపోయింది.

ఆగిన తేదీ, కారణం, దానివల్ల పోయినది ఏమిటో ఒక పుస్తకంలో రాస్తూ ఉండండి: మూతపడిన ప్రయోగశాల, రద్దైన క్షేత్ర పర్యటన, చనిపోయిన కణజాలం, తెరవని అభిలేఖాగారం. గడువు పొడిగింపు అడిగినప్పుడు అదే మీ సాక్ష్యం. బ్రిటన్‌లోని పలు విశ్వవిద్యాలయాలు సిద్ధాంత గ్రంథంలోనే మహమ్మారి ప్రభావంపై ఒక వివరణ చేర్చుకోనిచ్చాయి. మీ దగ్గర లేకపోతే ఆ ఉదాహరణ చూపించి అడగండి. గడువు పెరిగితే ఫెలోషిప్ కూడా పెరగాలి. డబ్బు లేని గడువు పొడిగింపు సగం సాయమే.

తరగతి గది లేదు, గ్రంథాలయం లేదు. ఫీజు మాత్రం పూర్తిగా ఎందుకు?

ఫీజు రసీదు తీసి రెండుగా విడగొట్టండి. బోధనకు కట్టేది ఒకటి. భవనాలు మూసినా జీతాలు ఆగవు, సర్వర్ల ఖర్చు పెరుగుతుంది, కాబట్టి విశ్వవిద్యాలయాలు ఈ భాగాన్ని సాధారణంగా వదులుకోవు. హాస్టల్, భోజనం, రవాణా, క్రీడలు, ప్రయోగశాల పేరిట కట్టేవి రెండోది. అందని సేవకు వసూలు చేసిన సొమ్ము కాబట్టి తిరిగి అడగడానికి మీ పక్షాన బలం ఇక్కడే ఎక్కువ.

అమెరికాలో 2020 తర్వాత విద్యార్థులు ఈ రెండింటిపైనా అనేక దావాలు వేశారు. కొన్నింటిని కోర్టులు కొట్టేశాయి, కొన్నింటిలో విశ్వవిద్యాలయాలు రాజీపడి డబ్బు తిరిగిచ్చాయి. తేడా తెచ్చింది ఎక్కువగా కాగితమే. ప్రవేశపత్రంలో, ప్రచార పుస్తకంలో ప్రత్యక్ష బోధన అని హామీ ఇచ్చారా లేదా అన్నదే వాదనకు కేంద్రమైంది. మీ దగ్గరున్న కాగితాలు పారేయకండి.

పరాయి దేశంలో చదువుతున్నాను. తరగతులు ఆన్‌లైన్ అయితే వీసా ఏమవుతుంది?

వీసా నియమాలు రాత్రికి రాత్రి మారతాయి. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివే విదేశీ విద్యార్థులు దేశంలో ఉండకూడదని అమెరికా వలస విభాగం 2020 జులై 6న ప్రకటించింది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకు వెళ్లాయి. జులై 14న ప్రభుత్వం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. ఆ మధ్య రోజుల్లో తొందరపడి టిక్కెట్లు కొన్నవారు నష్టపోయారు. విదేశీ విద్యార్థుల కార్యాలయం నుంచి రాతపూర్వకంగా సమాధానం వచ్చేదాకా దేశం దాటకండి.

మీరు స్వదేశానికి వెళ్లి ఉంటే గడియారంతో మరో పోరాటం. అర్ధరాత్రి తరగతులు ఒకటి రెండు వారాలైతే భరించవచ్చు, సెమిస్టరంతా అంటే ఆరోగ్యం పోతుంది. రికార్డింగు చూసినా హాజరు ఇవ్వమని, పరీక్షను 24 గంటల్లో ఎప్పుడైనా రాసే వీలు ఇవ్వమని కోరండి. గడువు ఏ దేశపు సమయంలో చెప్పారో తప్పక చూసుకోండి.

నాకు వినికిడి లోపం ఉంది. తరగతి అందడం లేదు.

యంత్రం వేసే ఉపశీర్షికలు మామూలు మాటల్లో పరవాలేదు, శాస్త్ర పదాల దగ్గర తడబడతాయి. రసాయనాల పేర్లు, మనుషుల పేర్లు చిత్రంగా మారిపోతాయి. మనిషి సరిదిద్దిన ఉపశీర్షికలు అడిగే హక్కు మీకు ఉంది. పెదవుల కదలిక చూసి గ్రహించేవారైతే అధ్యాపకుల వీడియోను పెద్దదిగా స్థిరపరచుకోండి. చూపు లోపం ఉన్నవారికి మరో చిక్కు ఉంది. పుస్తకం పేజీని ఫొటో తీసి పెడితే తెరను చదివే సాఫ్ట్‌వేర్‌కు అది ఉత్త బొమ్మ. అక్షరాలున్న ఫైలే కావాలని చెప్పండి. ఈ మార్పులు తక్కిన తరగతికీ మేలు చేస్తాయి, మాట తెగినప్పుడు అందరూ చూసేది ఉపశీర్షికలనే.

ఇంట్లో జబ్బు చేసింది, లేదా నాకే వచ్చింది. చదువు మాటేమిటి?

పక్కన పెట్టండి. ఒక వాక్యంతో విభాగానికి కబురు పంపండి, మీరు పంపలేకపోతే స్నేహితుడితో పంపించండి. వైద్యుడి కాగితం తర్వాత ఇవ్వవచ్చు. కోలుకున్నాక కూడా వారాల తరబడి అలసట, ఏకాగ్రత లోపం కొందరిని వదలవు. అది సోమరితనం కాదు, గడువు పొడిగింపుకు అదీ కారణమే. నష్టం పెద్దదైతే సెమిస్టర్‌ను ఆపుకొనే వీలు గురించి అడగండి, దానివల్ల స్కాలర్‌షిప్, హాస్టల్ ఏమవుతాయో కూడా అప్పుడే అడగండి.

ఒంటరిగా అనిపిస్తోంది. ఎవరితోనూ మాట్లాడాలనిపించడం లేదు.

విశ్వవిద్యాలయంలో సగం చదువు తరగతికి వెళ్లే దారిలోనూ తిరిగొచ్చే దారిలోనూ జరుగుతుంది. తెర ఆ దారిని తీసేసింది. దాన్ని కొంతైనా తిరిగి తెచ్చుకోవాలంటే ఇద్దరు ముగ్గురు కలిసి రోజూ ఒకే వేళకు లింకు తెరిచి, ఎవరి పుస్తకం వారు మౌనంగా చదువుకోండి. చివర పది నిమిషాలు కబుర్లు. మొదట వింతగా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం రెండు వారాలు దాటితే విశ్వవిద్యాలయ కౌన్సిలర్‌ను సంప్రదించండి. కొన్ని చోట్ల కౌన్సిలర్ల లైసెన్సు వారి ప్రాంతానికే పరిమితం, మీరు వేరే చోట ఉంటే స్థానికంగా ఎవరిని కలవాలో వారినే అడగండి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. మీ ప్రాంతపు సహాయ నంబరుకో, అత్యవసర సేవకో, పక్క గదిలోని మనిషికో ఇప్పుడే చెప్పండి.

ప్లేగు సెలవుల్లో న్యూటన్ గొప్ప ఆవిష్కరణలు చేశాడట. నేనేమీ చేయలేకపోతున్నాను.

1665లో ప్లేగు వల్ల కేంబ్రిడ్జి మూతపడింది, న్యూటన్ సొంతూరికి వెళ్లాడు, 1667లో తిరిగొచ్చాడు. ఆ మధ్య కాలంలో కలనగణితం, కాంతి, గురుత్వాకర్షణలపై ఆలోచించిన మాట నిజమే. అయితే వెళ్లేనాటికే డిగ్రీ చేతికొచ్చింది. రోజుకు నాలుగు లైవ్ తరగతులు లేవు, లాగిన్ హాజరు లేదు, శుక్రవారం అర్ధరాత్రి గడువు అంతకన్నా లేదు. ఆ పోలిక తెచ్చినవారికి ఈ సంగతి చెప్పండి.

ఫిర్యాదు ఎవరికి, ఎలా రాయాలి?

మొదట పాఠం చెప్పేవారికి, తర్వాత విభాగాధిపతికి, ఆ తర్వాతే డీన్‌కు. ఒకరుగా కాకుండా తరగతి తరఫున రాస్తే బరువుంటుంది. ‘ఆన్‌లైన్ తరగతులు బాగాలేవు’ అంటే చదివినవారు తల పంకించి పక్కన పెడతారు. ఏది జరిగిందో, ఎందరికో, ఏం కావాలో చెప్పాలి. ఇలా రాయవచ్చు:

‘అయ్యా/అమ్మా, మా తరగతిలో కొందరికి ఉదయం పూట నెట్ అందడం లేదు. వారి పేర్లు, తెగిన సమయాలు జతచేశాం. గత రెండు వారాల పాఠాల రాతప్రతి, ఆడియో ఫైళ్లు ఇప్పించగలరని, వచ్చే అసైన్‌మెంట్ గడువును మూడు రోజులు పొడిగించగలరని మనవి. ప్రత్యక్ష తరగతి సమయాన్ని సందేహాలకే కేటాయిస్తే వారానికి ఒక తరగతి చాలని మేమంతా అనుకుంటున్నాం. ఈ శుక్రవారంలోగా మీ నిర్ణయం తెలియజేయగలరు.’

శుక్రవారానికి జవాబు రాకపోతే సోమవారం ఉదయం అదే ఉత్తరాన్ని పై అధికారికి పంపి, మొదటి వారికీ ఒక ప్రతి పెట్టండి.